పిల్ల పచ్చగా ఉందా, బల్బు పచ్చగా ఉందా?

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే నరసాపురం. పెళ్ళి చీరైనా, పండగ చీరైనా మా ఇంట్లోవాళ్ళు అక్కడే కొంటారు. మీ ఇళ్ళల్లో కూడా ఇది చూసే ఉంటారు. షాపు నిండా లైట్లు ధగధగలాడుతుంటాయి. మా అమ్మ మాత్రం నచ్చిన చీర కొంగు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా నడుస్తుంది. వీధి వెలుతురులో ఇటు తిప్పి, అటు తిప్పి చూస్తుంది. లోపల వంగపండు రంగులో కనబడిన చీర బయటికొచ్చేసరికి నీలంలోకి దిగిపోతే, "ఇది కాదు బాబూ, ఇంకోటి తియ్యి" అంటుంది. జాకెట్టు గుడ్డ మ్యాచింగ్ కూడా అంతే. షాపు లైటు కింద అచ్చుగుద్దినట్టు కలిసిపోయిన రెండు గుడ్డలు, ఎండలోకి రాగానే ఒకదానికొకటి సంబంధం లేనట్టు ఉంటాయి. దీన్ని మెటామెరిజం అంటారని నేను ఇంజనీరింగ్‌లో చేరాక తెలుసుకున్నాను. అమ్మకి ఆ మాట తెలీదు. గుమ్మం దాకా నడవాలని మాత్రం తెలుసు.

ఈ వ్యాసం ఆ నడక గురించే. కెమెరా భాషలో దాన్ని వైట్ బ్యాలెన్స్ అంటారు. సాహిత్య క్లబ్ పత్రికలో ఈ గోల ఏంటి అనుకోకండి. మధ్యలో ఒక తెలుగు మాట గురించి కూడా మాట్లాడుకోవాల్సి వస్తుంది. ఆ మాట అర్థం మీద ఒక పసిపిల్ల ఆరోగ్యం ఆధారపడ్డ రాత్రి గురించి కూడా.

ముందు లైట్ల సంగతి. మా ఇంట్లో ఏ రెండు గదుల వెలుతురూ ఒక్కలా ఉండదు. తాతయ్య పడక్కుర్చీ దగ్గర ఇప్పటికీ పాత ఫిలమెంటు బల్బే. వంటింట్లో ట్యూబులైటు. హాల్లో "కంటికి చల్లగా ఉంటుంది" అని నాన్న తెచ్చిన పసుపు ఎల్ఈడీ. పడగ్గదిలో తెల్ల ఎల్ఈడీ. 2015లో మొదలైన ఉజాలా పథకంతో ఎల్ఈడీ బల్బులు ఊరూరికీ వచ్చాక, ప్రతి ఇల్లూ ఇలా రకరకాల వెలుతుర్ల ప్రదర్శనశాల అయిపోయింది. బల్బు కొనేటప్పుడు మనం వాట్లు, రేటు చూస్తాం. డబ్బా మీద 2700 కె, 6500 కె అని ఇంకో అంకె ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

ఆ "కె" అంటే కెల్విన్. కమ్మరి కొలిమిని తలుచుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. ఇనుము కాలడం మొదలుపెట్టినప్పుడు ఎర్రగా ఉంటుంది, ఇంకా కాలితే నారింజ, తర్వాత పసుపు, తర్వాత తెలుపు. ఇంకా కాల్చగలిగితే నీలం వైపు పోతుంది. అంటే వేడి పెరిగే కొద్దీ వెలుతురు నీలం వైపు జరుగుతుందన్నమాట. కొవ్వొత్తి వెలుగు దాదాపు 1900 కెల్విన్. ఫిలమెంటు బల్బు 2700, 2800. మధ్యాహ్నపు ఎండ 5500 దరిదాపుల్లో. కొబ్బరిచెట్టు నీడలో, నీలాకాశం వెలుతురు మాత్రమే పడే చోట, 7000 దాటుతుంది. డబ్బా మీద కూల్ డేలైట్ అని రాసి ఉండే ఎల్ఈడీ 6500. తమాషా ఏంటంటే, మనం "వెచ్చటి రంగు" అనేదానికి అంకె తక్కువ, "చల్లటి రంగు" అనేదానికి అంకె ఎక్కువ.

మరి ఇన్ని రకాల వెలుతుర్లలో తిరుగుతున్నా మనకి అన్నం తెల్లగానే కనబడుతుంది కదా? తాతయ్య బల్బు కింద కూర్చుని తిన్నా తెల్లగానే ఉంటుంది, వంటింట్లో నిలబడి తిన్నా తెల్లగానే ఉంటుంది. అది మన కంటి మంచితనం. కంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైపు స్పందించే మూడు రకాల కణాలుంటాయి. చుట్టూ ఎరుపు ఎక్కువైతే ఆ రకం కణాలు తమ సున్నితత్వం తగ్గించుకుంటాయి, నీలం తక్కువైతే నీలం కణాలు పెంచుకుంటాయి. ఈ సర్దుబాటు గురించి జర్మన్ శాస్త్రవేత్త ఫాన్ క్రీస్ 1902లోనే ప్రతిపాదించాడు. నిమిషాల్లో మనకి తెలీకుండానే ఇది జరిగిపోతుంది. అందుకే హాల్లో ఉన్నవాళ్ళకి హాలు పసుపుగా అనిపించదు. రాత్రిపూట వీధిలో నిలబడి కిటికీలోంచి చూసేవాళ్ళకే "అబ్బ, ఇల్లంతా పసుపు పూసినట్టుందే" అనిపిస్తుంది.

కెమెరాకి ఆ మంచితనం లేదు. సెన్సారు మీద చిన్నచిన్న రంగు అద్దాలు గళ్ళుగా పరిచి ఉంటాయి. ప్రతి నాలుగు గళ్ళల్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన అమరిక ఇది. మీ జేబులో ఉన్న ఫోన్లో కూడా దాదాపుగా ఇదే ఉంటుంది. ఒక్కో గడి తన మీద ఎంత వెలుతురు పడిందో అంతే చెబుతుంది. ఆ వెలుతురు అన్నం రంగా, బల్బు రంగా అని దానికి తెలీదు. వైట్ బ్యాలెన్స్ చేయడం అంటే ఎరుపు అంకెల్ని ఒక సంఖ్యతో, నీలం అంకెల్ని ఇంకో సంఖ్యతో గుణించడం. అంతే. గుణకారం మనకి ఒకటో తరగతి నుంచీ వచ్చు. ఏ సంఖ్యతో గుణించాలన్నదే చిక్కు.

ఆటో మోడ్‌లో ఆ సంఖ్యని కెమెరా ఊహిస్తుంది. ఊహకి ఒక పాత సూత్రం ఆధారం: ఫోటోలో ఉన్న రంగులన్నీ కలిపి సగటు తీస్తే దాదాపు బూడిద రంగు రావాలి. రాకపోతే ఆ తేడా బల్బుదే అనుకుని దాన్ని తీసేస్తుంది. ఇప్పటి ఫోన్లు ఇంతకంటే తెలివైనవే, ముఖాన్ని గుర్తుపట్టి చర్మం ఇలా ఉండాలి అని కూడా లెక్కేస్తాయి. అయినా పునాది ఊహే. రకరకాల రంగులున్న బజారులో ఆ ఊహ బాగానే పనిచేస్తుంది. కోనసీమలో ఎటు చూసినా ఆకుపచ్చే కాబట్టి తేలిగ్గా తప్పుతుంది. పచ్చటి వరిచేలో పచ్చదనం ఎక్కువైందని దాన్ని తగ్గించేస్తుంది. పసుపు రాసిన గడప దగ్గర పసుపుని కడిగేస్తుంది.

నాకు ఇది బాగా వంటబట్టింది అంతర్వేదిలో. మా మండలంలోనే, గోదావరి సముద్రంలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయింది, 2021 నుంచి కొత్త రథం నడుస్తోంది. ఏకాదశి మధ్యాహ్నం ఎండలో రథాన్ని ఫోటో తీయడం సులువు. కల్యాణం రాత్రి సంగతే వేరు. ఒక పక్క ఫోకస్ లైట్లు, ఒక పక్క రంగురంగుల సీరియల్ బల్బులు, ఇంకో పక్క తీర్థంలో దుకాణాల ట్యూబులైట్లు. మావయ్య ఇచ్చిన పాత డీఎస్ఎల్ఆర్‌తో, అక్కడే ఒక పెళ్ళి పందిట్లో ఒక వెలుతురుకి ఒకటి చొప్పున పరీక్షలు చేసుకున్నాను. ఆటోలో తీస్తే పసుపు కలిపిన తలంబ్రాలు మామూలు బియ్యంలా పాలిపోయాయి. కెమెరా దృష్టిలో అక్కడ పసుపు "ఎక్కువైంది" కదా! తలంబ్రాల్లో పసుపు పోతే ఇంక తలంబ్రాలేముంది?

మందు ఒకటే. కెమెరాని ఊహించనివ్వకూడదు. రంగు తెలిసిన వస్తువు ఒకటి అదే వెలుతురులో పెట్టి, "ఇదిగో, ఇది బూడిద రంగు, మిగతావి దీన్నిబట్టి చూసుకో" అని చెప్పాలి. ఫోటోగ్రాఫర్లు వాడే గ్రే కార్డు అందుకే. తనమీద పడిన వెలుతురులో 18 శాతం తిప్పికొట్టే, ఏ రంగు వైపూ మొగ్గని అట్టముక్క అది. దాన్ని మనిషి ముఖం ఉండే చోటే పట్టుకుని, నిండుగా ఫోటో తీసి, కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌లో పెట్టుకుంటే ఆ లైటు మారేదాకా బెంగ లేదు. రా ఫైలులో తీస్తే ఈ పని తర్వాత కంప్యూటర్లో కూడా చేసుకోవచ్చు. జేపెగ్ అయితే గుణకారం అప్పటికే అయిపోయి మిగతా సమాచారం పారేసి ఉంటుంది, సర్దడానికి పెద్దగా మిగలదు.

"కార్డెందుకు, తెల్ల పంచె ఉందిగా?" అన్నాడు మా పెద్దనాన్న కొడుకు. మంచి ప్రశ్నే. కానీ మన పంచెలు తెల్లగా ఉండవు, నీలంగా ఉంటాయి. ఉతికాక నీలిమందులో ముంచేది ఎందుకు? పసుపుబారిన గుడ్డకి కాస్త నీలం కలిపితే కంటికి తెల్లగా అనిపిస్తుందని. అదీ ఒక రకం వైట్ బ్యాలెన్సే, చాకిరేవులో చేసింది. డిటర్జెంట్లలో, ప్రింటరు కాగితంలో కూడా అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలంగా మెరిసే పదార్థాలు కలుపుతారు. కాబట్టి పంచెని చూపించి "ఇదే తెలుపు" అంటే కెమెరా ఆ నీలాన్ని సరిచేయబోయి ఫోటోని పసుపు వైపు లాగుతుంది.

ఇంకో మూడు విషయాలు చెప్పి అసలు కథలోకి వస్తాను, పరీక్షలకి కాకపోయినా ఫెస్ట్‌కి పనికొస్తాయి. ఒకటి, మన కరెంటు 50 హెర్ట్జ్. పాత చోకు ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది, వెలిగేటప్పుడు ఒక రంగు, తగ్గేటప్పుడు ఇంకో రంగు. షట్టరు 1/500 పెట్టి వరసగా నాలుగు ఫోటోలు తీస్తే నాలుగూ నాలుగు రంగుల్లో రావచ్చు. 1/100 గానీ 1/50 గానీ పెడితే ప్రతి ఫోటోలో పూర్తి చక్రం పడుతుంది, రంగు కుదురుగా ఉంటుంది. రెండు, ఒకే ముఖం మీద ఒకవైపు పసుపు బల్బు, ఇంకోవైపు ట్యూబులైటు పడితే ఏ సెట్టింగూ రెండింటినీ సరిచేయలేదు. ఒకటి ఆర్పెయ్యడమే మార్గం. మూడు, వెలుతురులో అసలు లేని రంగుని ఎవరూ తేలేరు. పాత వీధి దీపాల్లో ఉండే సోడియం వెలుగుని చూడండి. అందులోని తక్కువ పీడనం రకం దాదాపు మొత్తం 589 నానోమీటర్ల ఒక్క పసుపులోనే వెలుగుతుంది. దాని కింద ఎర్ర చీరైనా, నీలం చీరైనా ఒకే బూడిద. సున్నాని ఎంతతో గుణించినా సున్నాయే.

ఇక ఆ రాత్రి.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళాను. అక్క మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చి ఉంది. నరసాపురంలో ఆస్పత్రిలో పాప పుట్టింది. నేను పిన్నినయ్యాను. రెండో రోజు సాయంత్రం ఇంటికి తీసుకొచ్చేశారు. మూడో రోజు పొద్దున్నుంచీ చూడ్డానికి వచ్చేవాళ్ళ వరస. మీకు తెలుసుగా, పసిపిల్లని చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు మాట్లాడేది రంగు గురించే. "తెల్లగా పుట్టింది, మీ అదృష్టం" అని ఒకావిడ. "తెలుపు కాదండీ, పసిమి ఛాయ. పచ్చగా బంగారు బొమ్మలా లేదూ?" అని ఇంకొకావిడ. అక్క నవ్వింది. అమ్మ మురిసిపోయి మనసులోనే దిష్టి తీసుకుంది.

ఇక్కడే నేను చెప్పిన తెలుగు మాట. పచ్చ. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే. "నీ కాపురం పచ్చగా ఉండాలి" అంటే దీవెన. "పిల్ల పచ్చగా ఉంది" అంటే పొగడ్త, మంచి మేని ఛాయ అని. అదే పిల్లకి కామెర్లు వస్తే వాటి పేరు పచ్చకామెర్లు. ఒకే మాట ముద్దు చేస్తుంది, ఒకే మాట హెచ్చరిస్తుంది. ఏది ఎప్పుడో మాటలోంచి తెలీదు, ఎదురుగా ఉన్న పిల్లని చూస్తేనే తెలుస్తుంది. చూడాలంటే వెలుతురు కావాలి. మా హాల్లో ఉన్న వెలుతురేమో 2700 కెల్విన్ పసుపు.

సాయంత్రం ఏడు దాటాక అమ్మమ్మ పిల్లని ఒళ్ళో వేసుకుని చాలాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. తర్వాత, "ఏమే, పిల్ల పచ్చగా ఉన్నట్టు లేదూ?" అంది. ఈ "పచ్చ" పొద్దుటి పచ్చ కాదని ఆ గొంతు వింటేనే తెలిసింది.

"ఆ బల్బుకి అందరం పచ్చగానే ఉన్నాం లేవే అమ్మా. నీ చెయ్యి చూసుకో" అంది మా అమ్మ. అది కూడా నిజమే.

అక్క హైదరాబాదులో ఉన్న బావకి ఫోన్ చేసింది. ఆయనకి తెలిసిన పిల్లల డాక్టరు ఒకరున్నారు, ఫోటో పంపితే అడుగుతానన్నారు. అమ్మ తన ఫోన్‌తో అక్కడికక్కడే ఒకటి తీసింది. తెర మీద పాప ఎలా ఉందనుకున్నారు? సబ్బు ప్రకటనలో పాపలా, లేత గులాబీ రంగులో ఉంది. "చూశావా, ఏం లేదు. ఊరికే భయపడుతున్నాం" అంది అమ్మ, ఫోటో పంపబోతూ.

"ఆగమ్మా" అన్నాను.

ఆ ఫోటోలో ఏం జరిగిందో ఒకసారి చూడండి. బల్బు పసుపు. పాప కింద పరిచిన పొత్తిళ్ళు అమ్మమ్మ పాత చీర ముక్కలు, అవీ పసుపే. ఒకవేళ పిల్ల ఒళ్ళు కూడా పసుపుగా ఉంటే ఫ్రేములో ఉన్నదంతా పసుపే. ఫోన్‌కి బల్బు పసుపు వేరు, గుడ్డ పసుపు వేరు, పిల్ల పసుపు వేరు అని తెలీదు. మొత్తాన్ని కలిపి "వెలుతురు తేడాగా ఉంది" అనుకుని తీసేసింది. పందిట్లో తలంబ్రాల్ని బియ్యంగా మార్చినట్టే, ఇక్కడ కామెర్లని గులాబీ బుగ్గలుగా మార్చేసి ఉండొచ్చు. మార్చలేదేమో కూడా. అదే అసలు ఇబ్బంది. ఆ ఫోటోని బట్టి పిల్లకి బాగుందనీ చెప్పలేం, బాగోలేదనీ చెప్పలేం. పోనీ ఆటో తీసేసి ఎండ సెట్టింగులో అదే గదిలో తీస్తే పిల్లా, అమ్మమ్మా, గోడా అన్నీ కామెర్లు వచ్చినట్టు కనబడతాయి. పగటి వెలుతురు కోసం గుమ్మం దాకా నడుద్దామంటే బయట రాత్రి.

అందుకని ఇంట్లోనే గుమ్మం ఒకటి తయారుచేసుకున్నాం. పాపని వంటింటి పక్క గదిలోకి తీసుకెళ్ళాం. హాల్లో బల్బు ఆర్పించాను, తలుపు మూశాం, ఒక్క ట్యూబులైటు మాత్రమే ఉంచాం. పసుపు పొత్తిళ్ళు తీసి వేరే గుడ్డ పరిచాం. సంచిలోంచి గ్రే కార్డు తీసి పిల్ల పక్కన, అదే వెలుతురు పడేలా పెట్టాను. కార్డు మీద కస్టమ్ వైట్ బ్యాలెన్స్, షట్టరు 1/50, ఫ్లాష్ లేదు. పోల్చుకోడానికి అక్క అరచెయ్యి పాప ఛాతీ పక్కన పెట్టమన్నాను. అమ్మమ్మ తనంతట తనే ఒక పని చేసింది. పిల్ల నుదుటి మీద వేలితో మెల్లగా నొక్కి వదిలింది. నొక్కిన చోట రక్తం పక్కకి జరిగి, ఒక్క క్షణం చర్మం అసలు రంగు కనబడుతుంది. ఆ క్షణం పట్టుకున్నాను.

తెర మీద గ్రే కార్డు బూడిద రంగులో ఉంది. అక్క అరచెయ్యి అక్క అరచెయ్యిలాగే ఉంది. నుదుటి మీద అమ్మమ్మ వేలి గుర్తు పసుపు. ఛాతీ పసుపు. పొట్ట కూడా. గదిలో ఉన్న పసుపంతా తీసేశాక కూడా మిగిలిన పసుపు అది.

ఫోటో చూసి ఆ డాక్టరుగారు నేరుగా అక్కకే ఫోన్ చేశారు. మొదటి మాట: "ఫోటో చూసి ఎంత ఉందో నేను చెప్పలేనమ్మా. ఎవరూ చెప్పలేరు, రక్తపరీక్ష చెయ్యాల్సిందే." తర్వాత ప్రశ్నలు. పుట్టి ఎన్ని గంటలైంది? 70 గంటలు. నెలలు పూర్తిగా నిండాయా? రెండు వారాల ముందే పుట్టింది. పాలు బాగా తాగుతోందా? అక్క తడబడింది. మధ్యాహ్నం నుంచి పిల్ల నిద్రపోతూనే ఉంది, లేపి పట్టాల్సి వస్తోంది. "బుద్ధిమంతురాలు, ఏడవట్లేదు" అని అందరం సంతోషించాం అప్పటిదాకా. "పొద్దున్నదాకా ఆగొద్దు. ఇప్పుడే తీసుకెళ్ళండి" అన్నారు.

నాన్న రేవులో తెలిసినవాళ్ళకి ఫోన్ చేశారు. పంటు లేకపోతే దిండి వెళ్ళి, చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు మీదుగా చుట్టూ తిరిగి రావాలి. పంటు ఉందన్నారు. గోదావరి మీద చలిగాలి, అక్క ఒళ్ళో దుప్పట్లో పిల్ల, అమ్మమ్మ నోట్లో నరసింహస్వామి పేరు. నేను కార్డు ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నానని అవతలి ఒడ్డు వచ్చాక చూసుకున్నాను.

ఆస్పత్రిలో రక్తం తీశారు. ఫలితం వచ్చాక డ్యూటీ డాక్టరు ఒక చార్టు తీశారు. అడ్డంగా పిల్ల వయసు గంటల్లో, నిలువుగా బిలిరుబిన్. రోజులు కాదు, గంటలు. పిల్ల పుట్టిన టైము అడిగి, గడి వెతికి, పెన్నుతో చుక్క పెట్టారు. చుక్క గీతకి పైన పడింది. "లైటు కింద పెట్టాలి. భయమేం లేదు, వేళకే తెచ్చారు" అన్నారు.

ఇక్కడ కొంచెం విషయం చెప్పుకోవాలి, ఎందుకంటే మనలో చాలామంది రేపు బాబాయిలు, పిన్నులు, మేనమామలు అవుతారు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో దాదాపు 60 శాతం మందికి మొదటి వారంలో ఎంతో కొంత కామెర్లు కనబడతాయి. ముందే పుట్టినవాళ్ళలో ఇంకా ఎక్కువ. పాత ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు వచ్చే బిలిరుబిన్‌ని పసిపిల్లల కాలేయం ఇంకా వేగంగా బయటికి పంపలేదు. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. కానీ మరీ పెరిగితే అది మెదడుకి చేరి శాశ్వతంగా దెబ్బతీస్తుంది. సాధారణంగా ముఖంలో మొదలై కిందికి, ఛాతీకి, పొట్టకి, కాళ్ళకి దిగుతుంది. మన చామనఛాయ చర్మాల మీద కంటితో పట్టుకోవడం మరింత కష్టం. కంటితో చూసి అంచనా వేయడం అనుభవం ఉన్న డాక్టర్లకి కూడా నమ్మకమైన పద్ధతి కాదు, అందుకే పరీక్ష.

వైద్యం కూడా వెలుతురే. 1950ల్లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో జీన్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్ళేదట. ఒక పిల్లవాడి ఒంటి మీద ఎండ తగిలిన చోట పసుపు తగ్గి, గుడ్డ కప్పిన చోట అలాగే ఉండడం ఆమె 1956లో డాక్టర్లకి చూపించింది. దాన్ని పట్టుకుని అక్కడివాళ్ళు 1958లో లాన్సెట్‌లో వ్యాసం రాశారు. ఇప్పుడు వాడే నీలి కాంతి 460 నుంచి 490 నానోమీటర్ల మధ్య. బిలిరుబిన్ బాగా పీల్చుకునేది ఆ రంగునే. పీల్చుకున్నాక దాని అణువు ఆకారం మారి, నీళ్ళలో కరిగి, కాలేయం దాన్ని మార్చాల్సిన అవసరం లేకుండానే బయటికి పోతుంది. అలాగని ఇంటి ఎండలో పడుకోబెడితే సరిపోతుందనుకోకండి. ఎంత కాంతి అందుతుందో లెక్క ఉండదు, చలికో ఎండకో పిల్ల ఇబ్బంది పడుతుంది. "ఎండ చూపిద్దాం" అన్న మాట మా ఇంట్లోనూ వచ్చింది. డాక్టరుగారు వద్దన్నారు.

రెండు రోజులు పాప ఆ నీలి దీపాల కింద, కళ్ళకి గంతలతో పడుకుంది. ఒక నర్సు గంటగంటకీ వచ్చేది. పిల్ల రంగు చూడాల్సి వచ్చినప్పుడల్లా ముందు నీలి దీపం ఆర్పేది. ఎందుకని అడిగాను. "దీని కింద అందరు పిల్లలూ ఒకేలా కనబడతారమ్మా, ఏం తెలీదు" అంది. సోడియం దీపం పాఠాన్ని నేను పుస్తకంలో చదివాను. ఆవిడ డ్యూటీలో నేర్చుకుంది. మూడో రోజు చుక్క గీత కిందికి దిగింది. పాప ఏడ్చింది, గట్టిగా. మా అమ్మమ్మ జీవితంలో ఏడుపు విని అంత సంతోషించడం నేను చూడలేదు.

తర్వాత హాస్టల్‌కి వచ్చి వెతికితే తెలిసింది, అమెరికాలో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2014లోనే బిలీక్యామ్ అని ఒక ఫోన్ యాప్ పరిశోధన చేశారు. పాప పొట్ట మీద రంగుల గళ్ళున్న కార్డు పెట్టి ఫోటో తీయాలి. కార్డు మీది రంగులు ముందే తెలుసు కాబట్టి, వాటిని బట్టి గదిలో వెలుతురు ప్రభావం తీసేసి, చర్మం రంగు నుంచి బిలిరుబిన్ అంచనా వేస్తారు. అది కూడా ఎవరికి రక్తపరీక్ష అవసరమో వడకట్టడానికే, పరీక్షకి బదులుగా కాదు. మన ఇమేజ్ ప్రాసెసింగ్ ల్యాబులో గ్రే వరల్డ్ ప్రోగ్రామ్ రాసి, అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్ తీసుకుని, రికార్డులో అంటించి మర్చిపోయాం కదా? ఆ పదిహేను లైన్ల కోడ్‌లో ఉన్న ఊహే ఆ రాత్రి అమ్మ ఫోన్లో పిల్లని గులాబీ రంగులోకి మార్చింది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ దొరక్క తిరుగుతున్నవాళ్ళెవరైనా ఉంటే, మన చామనఛాయలకి, మన ఊళ్ళ బల్బులకి సరిపోయే కార్డు మీద పనిచేద్దాం రండి. నేను తయారు.

ఈలోగా రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. ఇంట్లో పసిపిల్ల ఉంటే మొదటి వారం రోజూ పగటి వెలుతురులో, కిటికీ దగ్గర బట్టలు తీసి చూడండి, నుదుటి మీదా ఛాతీ మీదా మెల్లగా నొక్కి చూడండి. అనుమానం వస్తే ఫోటో పంపి జవాబు కోసం కూర్చోకండి, పిల్లని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పిల్ల పాలకి లేవకుండా అతిగా నిద్రపోతుంటే అసలు ఆగొద్దు. ఇక ఫోటోల విషయానికొస్తే, ఫెస్ట్‌లో స్టేజి మీద ఎర్ర లైటు ఒక్కటే వేసినప్పుడు తీసిన ఫోటోలు పట్టుకొచ్చి "నా ముఖం అసలు రంగు తెప్పించు" అని నన్ను అడక్కండి. ఆ వెలుతురులో మీ ముఖం మిగతా రంగులు లేవు. లైటింగ్ వాళ్ళతో ముందే మాట్లాడుకుని ఒక తెల్ల లైటు వేయించుకోండి. గ్రే కార్డు కావాలంటే మా రూమ్‌లో ఉంది. ఒక మూల కొంచెం నలిగింది, పంటు మీద గట్టిగా పట్టుకున్నప్పుడు నలిగినట్టుంది. రంగు మాత్రం అలాగే ఉంది.